స్పేస్ మీట మీద బొట్టు

ఇళ్లన్నిటినీ ల్యాప్‌టాప్‌లే నడిపే ఆ రోజుల్లో, ఇంట్లో నిప్పు వెలిగితే చాలు, పైకప్పు నీళ్లు కుమ్మరించేది. దీపం పెట్టుకోవాలంటే ఆ కట్టుబాట్లను సడలించే డెవలపర్ మోడ్ ఒక్కటే దారి. అనసూయమ్మ ఇంట్లో అదే నడిచేది.

ఆయుధపూజ నాడు, అట్టముక్కంత తేలికైన తమ ఇంటి ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టి ఆన్ చేసింది. ఎప్పటిలాగే, ఈ మోడ్ ప్రమాదమనే హెచ్చరిక తెర వచ్చింది. అది పోయేదాకా ఏ మీటా తాకకూడదు, తాకితే మోడ్ రద్దవుతుంది. భక్తిలో మరిచిపోయి, ఆమె పెద్ద మీటకు కుంకుమ అద్దింది. అది స్పేస్ మీట. మోడ్ పోయింది, యజమాని పేరుతో సహా దాచుకున్నదంతా చెరిగిపోయింది.

"అయ్యో, దాన్నే నొక్కావుటే!" అన్నాడు భర్త శేషాచలం.

"బొట్టు పెట్టకుండా పూజేమిటండీ? కాసేపట్లో రాహుకాలం. ముందు మోడ్ పెట్టండి, దెప్పుళ్లు తర్వాత."

ఆయన మళ్లీ మీటలు నొక్కాడు.

"ఈ ఇంటి యజమాని పేరు?" అంది యంత్రం.

శేషాచలం గొంతు సవరించుకునేలోగా, "దుర్గమ్మ" అంది అనసూయమ్మ.

"దుర్గమ్మగారూ, నిప్పుకు అనుమతిస్తున్నారా?"

దంపతులిద్దరూ పీట వెనకున్న అమ్మవారి పటం వైపు చూశారు. ఇన్నాళ్లూ ఆమెను కాక ఎవరి అనుమతి అడిగి దీపం పెట్టినట్టు?

"ఇస్తోంది" అని అనసూయమ్మ అగ్గిపుల్ల గీసింది. దీపం నిలిచింది.

శేషాచలం హారతి కళ్లకద్దుకుని, "మరి మనమెవరమే?" అన్నాడు.

"అద్దెకున్నవాళ్లం. కూర్చోండి, ప్రసాదం పెడతాను."