లాంకస్టర్‌లో ఎక్కాల్సిన మనిషి

"రెండో ఆయన ఏడమ్మా?" అన్నాడు గార్డు, టికెట్టునీ, లొరెయిన్ పక్కనున్న ఖాళీ సీటునీ మార్చి మార్చి చూస్తూ.

"మా ఆయన లాంకస్టర్‌లో ఎక్కుతాడు. అక్కడ గోడౌన్‌లో పని. నేను బారోలో ఎక్కాను. ఇదిగో జంట కార్డు."

"కార్డు తర్వాత చూస్తాలే. ముందు మనిషిని చూపించు." నెరిసిన మీసాలు సవరించుకున్నాడు గార్డు. "ఆ కార్డు మీద చార్జీలో మూడో వంతు తగ్గించేది ఇద్దరూ మొదట్నుంచి చివరిదాకా ఒకే బండిలో వెళ్తారని. ఒకరిక్కడా ఒకరక్కడా ఎక్కితే చెల్లదు."

"ఇద్దరికీ బారో నుంచే డబ్బు కట్టాం. ఆయన సీటు లాంకస్టర్ దాకా ఖాళీగా వెళ్తోంది. నష్టం మాకా, మీకా?"

"ఆ రూలు నేను రాశానా తల్లీ? ముందు పెట్టెలన్నీ చూసేశాను. వెనక పెట్టె చూసుకుని వస్తా. ఈలోగా పూర్తి చార్జీ తీసి ఉంచు."

ప్రెస్టన్ ఆసుపత్రిలో కూతురు తెల్లవారుజామున ప్రసవించింది. మనవరాలిని ఇద్దరూ కలిసి చూడాలని లొరెయిన్ పట్టుబట్టింది. ఇప్పుడు ఈ పేచీ. కిటికీలోంచి చూసింది. నీళ్ళు వెనక్కి పోయి సముద్రమంతా బురదగా ఉంది. ఫోన్ తీసింది.

"క్లైవ్, ఎక్కడున్నావు?"

"గోడౌన్‌లోనే. మేనేజరు కాస్త నసిగాడు గానీ సెలవిచ్చాడు. నేరుగా నీ పెట్టె దగ్గరికే వచ్చి ఎక్కుతా."

"గార్డు పూర్తి చార్జీ కట్టమంటున్నాడు. మనం కలిసి ఎక్కలేదట."

"కార్డు చూపించావా?"

"ఇంకా లేదు."

"చూపించకు. అడిగినంతా కట్టెయ్."

లొరెయిన్ ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసుకుంది. ఒకే టీ పొట్లాన్ని రెండు కప్పుల్లో ముంచే మనిషి, అడిగినంతా కట్టెయ్యమంటున్నాడు. "నీకేమైనా అయిందా?"

"చెప్పింది విను, లొరెయిన్. వాదించకు," అని పెట్టేశాడు.

ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. లేచింది, మళ్ళీ కూర్చుంది. పర్సు తెరిచింది, మూసింది. బండి గ్రేంజ్ స్టేషన్ దాటింది, కార్న్‌ఫర్త్ దాటింది. లాంకస్టర్ ఇంకో పది నిమిషాలు. వెనకనుంచి గార్డు అడుగుల చప్పుడు వినబడేసరికి ఆమెలో మొండితనం లేచింది. ఎందుకు కట్టాలి? మోసం చేశామా, దొంగతనం చేశామా?

"కట్టను," అంది కార్డు అతని చేతిలో పెట్టేస్తూ. "చూడండి. ఇది నేను, ఇది నా మొగుడు. ముప్ఫై ఏళ్ళ కాపురం. పది నిమిషాల్లో ప్లాట్‌ఫారం మీద ఉంటాడు. అప్పుడాయన్నే అడగండి."

గార్డు కళ్ళజోడు దించుకుని ఫోటోలకేసి చూశాడు. రెండోదాని మీద చూపు ఆగింది. అతని ముఖం మెత్తబడింది. పర్సు లోపల పెట్టెయ్యమని సైగ చేశాడు.

"క్లైవ్ భార్యవని ముందే చెప్పొద్దా తల్లీ? రూలెక్కడా తప్పలేదు. నువ్వు బారోలో ఎక్కేటప్పటికే ఆయన మొదటి పెట్టెలో కూర్చుని ఉన్నాడు. పని పోయిన ఈ నాలుగు నెలల్నుంచీ, పనికి వెళ్ళొచ్చేందుకు కొన్న ఏడాది పాసు పెట్టుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఈ బళ్ళలోనే కదా ఉంటాడు."