చెవి సాక్ష్యం

మాట్లాడేది మనిషో యంత్రమో చెవి ఇట్టే పట్టేస్తుందని లోకం నమ్మకం. రిటైరైన ఫిజిక్సు మాస్టారు లోకం నమ్మేవాటిలో చాలావాటిని నమ్మరు. దీన్ని మాత్రం నమ్ముతారు. ఆయనకిష్టమైన పాత సైన్సు నవలలోనూ అలాగే ఉంది: మనుషుల్లో కలిసిపోవాలని చూసిన యంత్రం మొదటి వాక్యంలోనే దొరికిపోతుంది. ఆ నవల చెప్పిన రాకెట్లు వచ్చాయి, గోడకు వేలాడే తెరలు వచ్చాయి. ఇదొక్కటీ తప్పుతుందా అన్నది ఆయన వాదం.

కంటి ఆపరేషను అయినప్పటినుంచి ఆ నవలను రోజూ సాయంత్రం కూతురే చదివి వినిపిస్తోంది. ఆమె రికార్డింగు స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. ఇవాళ ఆమె గొంతు బొంగురుపోయింది.

“ఇక నావల్ల కాదు నాన్నా. మిగతాది ఫోను చదువుతుంది, వినండి.”

“అది చదివితే నవల కాదమ్మా, రైల్వే అనౌన్సుమెంటు.”

“అయితే పరీక్ష పెడతాను. ఒకే పేజీని రెండు గొంతులు చదువుతాయి. ఒకటి మనిషి, ఒకటి ఫోను. పట్టుకున్నారా, గొంతు పోయినా సరే చివరిదాకా నేనే చదువుతా. లేదంటే రేపట్నుంచి ఫోనే.”

“అయితే నువ్వే. గొంతుకు వేణ్ణీళ్ళు పెట్టుకో.”

మొదటి మగగొంతు నింపాదిగా చదివింది. ఒకచోట ఊపిరి తీసుకుంది. ఒకచోట కాస్త తడబడి సర్దుకుంది. కంటికట్టు కింద మాస్టారి పెదవులు నవ్వాయి.

రెండో మగగొంతు మొదలవగానే, బట్టలు మడతపెడుతున్న ఆయన భార్య చేయి ఆగిపోయింది. ఆ గొంతు ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ప్రతి మాటనూ తూచినట్టు పలికింది.

“ఇదే యంత్రం,” అన్నారు మాస్టారు. “పొల్లుపోదు గాని ప్రాణం లేదు. అంతా నాకే తెలుసన్న ధోరణి తప్ప, ఎదుట వినేవాళ్ళున్నారన్న ధ్యాసే లేదు. ఇలాంటిది ఇంట్లో ఉంటే గోడలకైనా విసుగొస్తుంది.”

“గోడలకు అలవాటైపోతుందిలెండి,” అంది భార్య.

“ఇదే మీ ఆఖరి మాటా నాన్నా?”

“సందేహమే లేదు.”

కూతురు ఫోను తెచ్చి ఆయన దిండు పక్కన పెట్టింది. “రేపట్నుంచి ఇదే.”

మాస్టారు దిండు మీంచి తలెత్తారు. “అంటే రెండోవాడు మనిషా? ఎవడు వాడు?”

“స్టూడియోలో గరగర మాత్రం తీసేశాను నాన్నా. నా చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి ఈ నవల చదివి మీరు రికార్డు చేసిన క్యాసెట్టు అది.”