గోడ మీది ప్రశంసాపత్రం

...తప్పు సాఫ్ట్‌వేర్‌దే, నాది కాదు అనుకుంటూ భార్గవ వంటింటి గోడ ముందు నిలబడ్డాడు. గోడంతా వేలితో తాకితే పనిచేసే ఒక వెబ్ పేజీ. తయారుచేసింది అతనే. కాఫీ బటన్ మళ్ళీ నేల దాకా జారిపోయింది.

"కాఫీ కోసం రోజూ చతికిలబడుతున్నానండీ. రేపటి నుంచి పాకాలి కాబోలు!" అంది భార్య వకుళ.

"పేజీ సర్దే సాఫ్ట్‌వేర్ మంచిది కాదోయ్."

"క్షమించండి," అంది గోడ మర్యాదగా. "మీ ప్రశంసాపత్రం నడిమధ్య నుంచి కదలకూడదన్నారు. పైగా ఏటా పెద్దది చేయమన్నారు. మిగతావన్నీ దాని కిందే సర్దుతున్నాను."

'ఉత్తమ పేజీ నిర్మాత' అన్న అక్షరాలు బారెడు వెడల్పున మెరుస్తున్నాయి. వకుళ పొట్ట పట్టుకుని నవ్వింది.

సిగ్గుపడతాననుకున్నాడు. కానీ ఇన్నేళ్ళూ ఆ పత్రాన్ని తానే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నట్టు, ఇప్పుడే దించినట్టు హాయిగా అనిపించింది. నవ్వుతూనే దాన్ని వేలితో కుదించి, ఉప్పుడబ్బా బొమ్మ పక్కకు తోశాడు. కాఫీ బటన్ పైకి లేచి వకుళ చేతికందింది.