తాడు మీద తడి

“ఇదీ కాదమ్మా” అంటూ తండ్రి తడి ఫోటోని మళ్ళీ ట్రేలోకి జార్చేశాడు.

ఎందుకని కూతురు అడగలేదు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. ఆయన చెప్పేదీ ఎప్పుడూ ఒకటే. పడవ కింద చీకటి బాగానే వచ్చింది, అందులో తాడూ కనిపిస్తోంది, కానీ తాడు మీద తడి లేదు. ఆమె నడుము పట్టుకుని గోడకి చేరగిలబడింది. ఫోటోలు కడిగే ఫిక్సర్ మందు వాసన జడలోకి ఎక్కేసింది, గోళ్ళు గోధుమరంగుకి తిరిగి చాలాకాలమైంది.

ఆ నెగెటివ్ తాతది. వాన వెలిసిన రేవు, ఒడ్డున బోర్లించిన పడవ, దాని నీడలో చుట్టచుట్టిన తాడు. ఆ ఒక్క ఫోటోతో తాతకి ఎక్కడలేని పేరొచ్చింది. పేరొచ్చాక మనిషి ఊరుకున్నాడా, ఇంటికో కట్టడి పెట్టాడు. ఈ ఇంట్లో కెమెరా పట్టినవాళ్ళెవరైనా సరే, ఆ నెగెటివ్‌ని పెద్దవాళ్ళ చేత “చాలు” అనిపించేలా కాగితం మీద ఫోటోగా కడగాలి. ఆ మాట విన్నాకే సొంత ఫోటోల వెనక సొంత పేరు ముద్ర వేసుకోవాలి.

ఇప్పుడామెకి ఆ మాటతో గట్టి అవసరం పడింది. గ్యాలరీ నడిపే ఆవిడ ఆమె ఫోటోలు చూసి ముచ్చటపడి, ఒక గోడంతా ఇస్తానంది. అయితే వాటి వెనక ఆమె పేరే ఉండాలట, రేపటికల్లా ఏ సంగతో తేల్చాలట. పేరు వేసేసుకుంటే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళెవరూ లేరు. కానీ ఆ “చాలు” వినకుండా వేసుకుంటే ఎత్తుకొచ్చిన సొమ్ము ఒంటిమీద పెట్టుకున్నట్టు ఉంటుందని ఆమె బాధ. అందుకే ఒక నిర్ణయానికొచ్చేసింది. ఇవాళ అయితే అయింది, లేదంటే చీకటి గదికి తాళం పెట్టి, బజారు స్టూడియోలో గుర్తింపు కార్డులకి ఫోటోలు తీసే పనికి పోతుంది. అక్కడ తాళ్ళూ ఉండవు, తడీ ఉండదు.

వంటింట్లో కూలబడితే తల్లి టీ గ్లాసు చేతికిచ్చి, మొహం చూసి, ఏమైందో అడక్కుండానే ఓదార్పు మొదలుపెట్టింది. మీ నాన్నకి ఈ పనంటే పూజతో సమానమంది. జీవితమంతా తను తీసిన ఫోటోల వెనక కూడా మీ తాత పేరే వేశారు, కన్నతండ్రంటే అంత భక్తి, అలాంటి మనిషి నోట మంచిమాట ఊరికే వస్తుందా అంది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ తనకే విసుగొచ్చినట్టుంది.

“కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ కాకికి అదీ లేదు. మీ తాతే లేచొచ్చి కడిగిచ్చినా ఈయన వంక పెడతారే” అంది.

కూతురి చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది.

భోజనాలయ్యాక తండ్రి కునుకు తీస్తుండగా ఆమె ముందు గదిలోకి వెళ్ళి, గోడ మీద తాత నాటి నుంచీ ఉన్న ఆ రేవు ఫోటో దించింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి చూస్తున్న ఫోటో. చట్రం విప్పి వెనక్కి తిప్పితే, పసుపు పట్టిన కాగితం మీద తాత పేరు ముద్ర. పాపం అనిపించింది, భయమూ వేసింది. అయినా మొండికేసి, అప్పుడే కడిగినట్టు కనిపించాలని దాన్ని నీళ్ళ ట్రేలో వేసింది. పొద్దున తండ్రి కాదన్న తన ఫోటోని ఆరబెట్టి, చట్రంలో బిగించి గోడకి తగిలించింది. తల్లి దాని ముందునుంచే అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది, తేడా కనిపెట్టలేదు.

తండ్రి లేవగానే ట్రే కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. ఇదే ఆఖరుదని చెప్పింది. అలసిపోయిందనుకున్నాడు కాబోలు, కూర్చోమన్నాడు.

ఆయన కళ్ళజోడు తీసి భూతద్దం పెట్టుకున్నాడు. ఆకాశం చూశాడు, పడవ చూశాడు, ఆ నీడ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఆమెకి చాలంటాడేమోనని ఒక భయం, కాదంటాడేమోనని ఇంకో భయం.

“కాదమ్మా” అన్నాడు చివరికి. “తాడు మీద తడి లేదు.”

ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ కాళ్ళు లాగేలా నిలబడిందీ, కళ్ళు మండినా కడిగిందీ అంతా ఈ మాట కోసమా అనిపించింది. ఇంక దాచుకోలేదు.

“నాన్నా, నీకు కాదనడం అలవాటైపోయింది. ఒకసారి వెనక్కి తిప్పి చూడు. అది నాది కాదు. ముందు గదిలో గోడ మీదుండే ఫోటో.”

తండ్రి ఉలిక్కిపడలేదు. కోప్పడనూ లేదు. వెనక్కి తిప్పి చూడను కూడా లేదు. భూతద్దం కిటికీ మీద పెట్టి, ఫోటో అంచుల్నుంచి నీళ్ళు పూర్తిగా కారేదాకా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మొహంలో అంత అలసట ఆమె ఎప్పుడూ చూడలేదు. అనరాని మాట అన్నానేమోనని దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసింది.

ఆయన తలెత్తకుండానే అన్నాడు.

“మీ తాత కూడా తాడు మీద తడి లేదనే అన్నారమ్మా, నేను దీన్ని కడిగి ఆయన చేతికిచ్చిన రోజున.”