ఏడు నిలువు

జమ్మలమడుగులో బస్సు దిగేసరికి అనంతపద్మనాభం చేతిలోని వారపత్రిక చెమటకు మెత్తబడిపోయింది. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా వచ్చినంతసేపూ ఆయన ఒకే పేజీ చదువుతూ వచ్చాడు. చదివిన కొద్దీ ఒళ్లు మండింది.

ఆయన పులివెందుల హైస్కూల్లో తెలుగు పండితుడు. ప్రొద్దుటూరులో అచ్చయ్యే ఆ పత్రికకు రెండేళ్లుగా గళ్ల నుడికట్టు కూర్చి పంపుతున్నాడు. ఆధారాలన్నీ తిరకాసువే. 'వెనుదిరిగిన లక్ష్మి గింజల్ని పిండి చేస్తుంది' అంటాడు. లక్ష్మి అంటే రమ, తిరగేస్తే మర. బళ్లో తోటి మాస్టర్లు ఈ వారం సగం నింపేశాం స్వామీ అంటే ఆ రోజంతా ఆయన పాఠం హుషారుగా సాగేది. నూరు నుడికట్లు పూర్తయితే పుస్తకంగా వేస్తానని సంపాదకుడు వేదవ్యాస మాట ఇచ్చాడు. తొంభై ఆరు అయ్యాయి.

అంతా బాగానే ఉంది గానీ, మధ్యలో ఈ కమాల్ బాషా ఒకడు. జమ్మలమడుగు నుంచి వారం వారం ఉత్తరం రాస్తాడు. నుడికట్టు మీద ఇంకెవరి ఉత్తరమూ పత్రికలో పడదు, వీడిదే పడుతుంది. ఆమధ్య పండితుడు 'తిరగబడిన వలలో సీతమ్మ కొడుకు' అని ఆధారమిచ్చి, జవాబు 'లవ' అని వేశాడు. మరుసటి వారం బాషా ఉత్తరం: "సీతమ్మ కొడుకు లవుడు. వలలో లవ మాత్రమే చిక్కింది. మిగిలింది ఏ చేప మింగిందో అయ్యవారు సెలవియ్యాలి." ఆ తర్వాత నెల రోజులు పిల్లలు నల్లబల్ల మీద చేప బొమ్మ గీసిపెట్టారు. ఎవరు గీశారో ఒక్కడూ చెప్పలేదు.

ఇప్పుడు ఏడు నిలువు. 'తల మార్చుకున్న అడుగు మగ్గం మీద అడ్డంగా నడుస్తుంది.' జవాబు పడుగు. దాని మీద బాషా రాసింది ఇదీ: "పడుగు నిలువు దారం. అడ్డంగా నడిచేది పేక. గడుల్లో నిలువుగానే పెట్టి ఆధారంలో అడ్డమన్న అయ్యవారు ఒక్క దినం మగ్గం కాడ కూర్చోని రావల్ల."

దారి అడుగుతూ వెళ్లి చూస్తే, బాషా ఇంటి ముందు పందిట్లో దూది ఏకుతున్నాడు. యాభై దాటినవాడు. కనుబొమల మీద దూది పేరుకుని ఉంది. వచ్చినదెవరో చెప్పగానే విల్లు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. అతని భార్య దిల్షాద్‌బీ మంచినీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. పండితుడు వాటి వంక చూడలేదు.

"ఎంతవరకు చదివినావు?" అన్నాడు.

"ఐదో తరగతి. ఈడనే."

"ఐదో తరగతి చదివి పరుపులు కుట్టుకునేవాడివి, సీతమ్మ కొడుకు పేరు నువ్వు నాకు నేర్పిస్తావా?"

బాషా ముఖం బిగుసుకుంది. "తప్పుంటే తప్పే కదా స్వామీ. పరుపులు కుట్టేటోడు చెప్పినా తప్పే."

ఇకమీదట ఒక్క ముక్క రాసినా ఊరుకోనని పండితుడు హెచ్చరించాడు. మీరు తప్పు రాయడం మానితే నేనూ మానతానని బాషా బదులిచ్చాడు. వీధిలో నలుగురు పోగయ్యారు. పండితుడు ఉత్తరీయం సర్దుకుని వెనుదిరిగాడు.

"ఆ రమ, మర మాత్రం శానా బాగుండాది," అన్నాడు బాషా వెనక నుంచి. "నాకు రెండు దినాలు పట్టె."

అది కూడా ఎగతాళే అనుకున్నాడు పండితుడు. తిరిగి చూడలేదు.

ఇల్లు చేరగానే వేదవ్యాసకు జాబు రాశాడు. ఆ దూదేకులవాడు కావాలో, నేను కావాలో తేల్చుకోండి అన్నాడు. ఒకసారి ఆలోచించండి స్వామీ అని వేదవ్యాస నుంచి కార్డు వచ్చింది. పండితుడు ఆలోచించలేదు. అవే రెండు వాక్యాలు మళ్లీ రాసి పంపాడు.

తర్వాతి సంచికలో బాషా ఉత్తరం లేదు. ఇక పంపవద్దని అతనికి రాసినట్టు వేదవ్యాస కబురు చేశాడు. ఆ వారమూ, ఆపై రెండు వారాలూ అనంతపద్మనాభం పత్రికను మొదటి పేజీ నుంచి చివరి దాకా నిదానంగా చదువుకున్నాడు. రెండేళ్లలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ చదవలేదు. తొంభై తొమ్మిది పూర్తయ్యాయి. పుస్తకానికి పీఠిక కూడా మొదలుపెట్టాడు.

నాలుగో వారం నుడికట్టు ఉండాల్సిన చోట తలనూనె ప్రకటన పడింది.

మరుసటి పొద్దునే ప్రొద్దుటూరు బస్సెక్కాడు. వేదవ్యాస ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాడు. పండితుణ్ణి చూసి కలం మూత పెట్టాడు.

"నా నూరోది ఏదీ?"

"ఆపేసినా స్వామీ. మూడు వారాలుగా నింపి పంపినోళ్లు ఒక్కరూ లేరు. ఎవరికని వేయల్ల?"

ఎండలు మండిపోతున్నాయి, జనం పెళ్లిళ్లకని ఊళ్లు తిరుగుతుంటారు, ఈ మాత్రానికే ఆపేస్తారా అని పండితుడు కోప్పడ్డాడు. అంతకుముందు జవాబులు వచ్చేవా కాదా అని నిలదీశాడు.

"వచ్చేవి," అన్నాడు వేదవ్యాస. లేచి బీరువా తెరిచాడు. నింపి పంపిన గళ్ల కాగితాలు, దారంతో కట్టిన లావుపాటి కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మీరు నొచ్చుకుంటారని చెప్పలే. మీరే చూసుకోండి."

ఆ కట్ట చూసేసరికి పండితుడి మనసు కుదుటపడింది. ఇంతమంది చదువరులను కాదని ఎవడో ఒక్కడి కోసం తాను ఇన్నాళ్లు ఉడికిపోయినందుకు సిగ్గుపడ్డాడు కూడా. పీఠికలో వీళ్లందరి పేర్లూ వేయాలి అనుకుంటూ ముడి విప్పాడు. పై కాగితం తీశాడు. రెండోది తీశాడు. ఆ తర్వాత గబగబా అడుగు దాకా తిరగేశాడు.

అన్నీ కమాల్ బాషావే.