కత్తెర పడని దీవి

"నా లాంచీ తీసేయండి సార్. నర్సమ్మను మాత్రం కదపకండి," అన్నాడు సరంగు, చుక్కాని మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.

ఇంజను చప్పుడులో తప్పుగా విన్నానేమోనని డిప్యూటీ కార్యదర్శి ముందుకు వంగాడు. సరంగు మళ్లీ అదే మాట అన్నాడు.

ఆర్థిక శాఖలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడాయన. ఖర్చు తగ్గించే పని ఎప్పుడొచ్చినా ఫైలు ఆయన బల్ల మీదికే చేరేది. అందుకే ఆఫీసులో అందరూ చాటున 'కత్తెర' అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇన్నేళ్లలో ఆయన దగ్గరికి వచ్చినవాళ్లంతా పక్కవాడిది కత్తిరించమన్నవాళ్లే. తనది కత్తిరించమన్న మనిషిని చూడ్డం ఇదే మొదలు.

ఆ ఏడు రాష్ట్రానికి రాబడి బాగా తగ్గింది. రాబడిని మించి ఖర్చు రాయడానికి చట్టం ఒప్పుకోదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కనుక కొత్త పన్ను మాటెత్తడానికి మంత్రిగారు ఒప్పుకోరు. ఇక మిగిలింది కత్తెరే. నాలుగు వందల గడప ఉన్న ఈ దీవిలో ప్రభుత్వం నడిపేవి రెండే, ఒక లాంచీ, ఒక చిన్న వైద్యశాల. రెండింట్లో ఒకటి ఎత్తేయమని పైనుంచి ఆదేశం. ఏది ఎత్తేసినా అందులో పనిచేసే మనిషికి ఉద్యోగం పోదు, ఒడ్డున ఇంకెక్కడో వేస్తారు. ఇబ్బందల్లా దీవివాళ్లకే. కుర్చీలో కూర్చునే ఏదో ఒకటి కొట్టేయొచ్చు గానీ, ఈసారి ఎందుకో మనసొప్పక ఆయన స్వయంగా బయల్దేరాడు.

సరంగు దారి పొడుగునా నర్సు గురించే చెప్పాడు. దీవిలో ఎవరికి ఏ మందు పడదో ఆవిడకు కాగితం చూడకుండా తెలుసట. పథ్యం తప్పినవాణ్ణి వీధిలో నిలబెట్టి కడిగేస్తుందట. లాంచీ లేకపోతే నాటు పడవలున్నాయి, ఆవిడ లేకపోతే ఎవరున్నారు అని అడిగాడు.

"ఒక మాట పట్టుకుందంటే వదలదు సార్ ఆవిడ. అలాంటి మనిషి ఈ దీవిలోనే ఉండాలి. నన్ను ఎంత దూరమైనా వేసేయండి."

వైద్యశాల అంటే రెండు గదులు, ఒక వరండా. ఆయన వెళ్లేసరికి నర్సు ఒక జాలరి బొటనవేలికి కట్టు కడుతోంది. వచ్చిన పని విని, కట్టు ముడి వేసి, చేతులు కడుక్కుని, వైద్యశాల మూసేయమంది. లాంచీ ఉంటే ఇరవై నిమిషాల్లో ఒడ్డున పెద్దాసుపత్రికి చేరొచ్చు, అదే లేకపోతే నర్సున్నా ఏం లాభం అంది. మంచు కమ్మినా, వాన కొట్టినా సరంగు వేళ తప్పడట. ఇంజను చప్పుడు వింటే చాలు, ఆ రోజు ఆయన మనసెలా ఉందో తాను చెప్పగలదట.

"ఆయన బయల్దేరారంటే ఎవరు పిలిచినా వెనక్కి చూడరు. లాంచీకి అలాంటివాళ్లే కావాలి. ఆయన్ని ఇక్కడుంచి నన్ను పంపేయండి సార్."

కత్తెరగారు ఇద్దరినీ వరండాలోకి పిలిచి ఇంకోసారి అడిగాడు. ఇద్దరూ బల్లకు చెరో కొసన కూర్చుని, ఆయనకే చెబుతూ, ఒకరినొకరు ఆకాశానికెత్తారు. ఎదురుగా పొగుడుకోవడానికి సిగ్గుపడుతున్నారు కాబోలనుకున్నాడు ఆయన.

తిరిగొచ్చాక మూడు రోజులు ఆ ఫైలు ముట్టుకోలేదు. నాలుగో రోజు కార్యదర్శి మేడమ్ ముందు నిలబడి, రెండింట్లో ఏదీ తీయనన్నాడు. మరి తేడా ఎవరు పూడుస్తారని ఆవిడ అడిగింది. కార్లకు ముచ్చటపడి కొనుక్కునే నంబర్ల రుసుము రెట్టింపు చేద్దామన్నాడు. వరసగా నాలుగు తొమ్మిదులు కావాలనేవాడు ఎంతైనా ఇస్తాడు, వాడి కోసం ఏడ్చేవాడెవడూ ఉండడు, మంత్రిగారికి ఓట్లూ పోవు అన్నాడు. అనుకున్నంత రాకపోతే ఈ ఏడాది ఆయన ప్రమోషన్ సంగతి మరిచిపోవాలంది. సరేనని సంతకం పెట్టేశాడు. కత్తెర వంకర పోయిందని సెక్షనంతా నవ్వుకుంది. ఆయనకు మాత్రం ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఇంటికి నడిచి వెళ్లాలనిపించింది.

ఉత్తర్వు టపాలో పంపొచ్చు. కానీ ఆ ఇద్దరి మొహాలూ చూడాలని ఆయనే తీసుకుని వెళ్లాడు. రేవు దగ్గర ఇద్దరినీ నిలబెట్టి చదివి వినిపించాడు. లాంచీ ఉంటుంది, వైద్యశాలా ఉంటుంది. ఇంకెవరి కన్నూ పడకుండా, పదేళ్లదాకా ఈ రెండు పోస్టుల్లో ఉన్నవాళ్లను ఎక్కడికీ బదిలీ చేయకూడదన్న షరతు కూడా ఆయనే పట్టుబట్టి రాయించాడు.

సరంగు తాళ్ల చుట్ట మీద కూలబడ్డాడు. నర్సు అటు తిరిగి కళ్లొత్తుకుంది. కత్తెరగారికీ కళ్లు చెమర్చాయి.

తిరుగు ప్రయాణంలో ఆయన పక్కన దీవిలోని కిరాణా కొట్టు పెద్దాయన కూర్చున్నాడు, సరుకు కోసం ఒడ్డుకు వెళ్తున్నాడట. ఆనందం పట్టలేక కత్తెరగారు జరిగిందంతా ఆయనకు చెప్పాడు. ఒకరి కోసం ఒకరు ఇంతగా తపించిన ఉద్యోగుల్ని తన సర్వీసులో చూడలేదన్నాడు.

పెద్దాయన చుక్కాని దగ్గర వీపు తిప్పి నిలబడ్డ సరంగు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ ఉత్తర్వు మార్చడానికి ఇంక వీల్లేదా అని అడిగాడు.

"గెజెట్‌లో అచ్చయిపోయింది. ఎవరూ మార్చలేరు," అన్నాడు కత్తెరగారు గర్వంగా. "ఏం?"

"వాళ్లిద్దరూ విడాకులు తీసుకుని ఆరేళ్లయింది సార్."