దాచినవాళ్లు

"పారిపోయొచ్చిన బానిసల్ని కొందరు తమ ఇళ్లల్లో దాచారు," అంటూ పద్మిని అమెరికా పాఠం ముగించింది. తాకేటా పేటలో తన ఇంట్లోనే నడిపే ట్యూషన్ గదిలోంచి పిల్లలంతా వెళ్లిపోయారు. లక్ష్మీప్రియ మాత్రం కదల్లేదు.

"దాస్తే తప్పు కాదేటి, టీచరమ్మా?"

"అప్పటి చట్టం ప్రకారం తప్పే. అయినా దాచారు."

"మీరైతే దాస్తారా?"

"దాస్తాను."

"మా అక్క పనిచేసే ఇంట్లోంచి పారిపోయొచ్చీసింది. ఏడాదిగా తాళమేసి ఉంచినారంట. ఆ ఇంటోలు మా ఇంటికాడ ఎతుకుతున్నారు."

పద్మిని లేచి గుమ్మం వైపు చూసింది.

"పోలీసులకి చెప్పండమ్మా."

"ఆ ఇంటాయనే పోలీసు."

పద్మిని కిటికీ మూసింది. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నా, ఆ దాచినవాళ్లు ఎంత భయపడి ఉంటారో ఆమెకెప్పుడూ తోచలేదు.

"అక్క ఎక్కడుంది?"

"మీ మెట్ల కిందే."

"లోపలికి తీసుకురా. చెప్పులు బయట వదలొద్దని చెప్పు."